రూట్ అధికారం లేని సర్వర్లో పైథాన్: సోర్సు నుంచి కట్టుకునే పద్ధతి

ఐఐటీ ఢిల్లీలోని ‘పదుమ్’ సూపర్ కంప్యూటరైనా, నోయిడా, గురుగ్రామ్ ఆఫీసుల్లోని ఉమ్మడి సర్వరైనా, లాగిన్ అయ్యేవారిలో ఎక్కువమందికి రూట్ అధికారం ఉండదు. ప్రాజెక్టుకు పైథాన్ 3.12 కావాలి, యంత్రంలో ఉన్నది పాతది. నిర్వాహకుడికి మెయిల్ పెట్టి ఎదురుచూడటం ఒక దారి. సోర్సు కోడ్ తెచ్చి సొంత హోమ్ డైరెక్టరీలో కట్టుకోవడం రెండోది.

పైథాన్ అధికారిక సైట్ నుంచి సోర్సు కట్టను దించుకుని విప్పాక పని మూడు అంచెల్లో సాగుతుంది. ‘కాన్ఫిగర్’ స్క్రిప్టు యంత్రంలో ఏ లైబ్రరీలున్నాయో వెతుకుతుంది. ‘మేక్’ సీ భాషలోని కోడ్‌ను కంపైల్ చేస్తుంది. చివరిది స్థాపన. మొదటి అంచెలోనే ‘ప్రిఫిక్స్’ ఐచ్ఛికంతో హోమ్‌లోని ఒక ప్రత్యేక ఫోల్డర్‌ను చూపించాలి. చూపకపోతే ఫైళ్లు యూఎస్ఆర్ లోకల్ వైపు వెళ్తాయి, అక్కడ రాసే అనుమతి మీకుండదు. ఆప్టిమైజేషన్ల ఐచ్ఛికం కూడా ఇస్తే ఇంటర్‌ప్రెటర్ వేగం పెరుగుతుంది కానీ, కంపైల్ చాలాసేపు పడుతుంది. లాగిన్ యంత్రంలో కోర్లన్నీ వాడేసి తోటివారి పని ఆపకండి. క్యూలో జాబ్‌గా పంపడం మర్యాద.

అసలు చిక్కు లైబ్రరీల దగ్గర వస్తుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, జెడ్‌లిబ్, ఎస్‌క్యూలైట్ వంటివాటి హెడర్ ఫైళ్లు దొరక్కపోయినా బిల్డ్ ఆగదు. ఏయే మాడ్యూళ్లు తయారు కాలేదో చివర్లో ఒక జాబితా చూపి ముగిసిపోతుంది. తెర మీద పరుగెత్తే వందల వరుసల్లో దాన్ని చాలామంది చదవరు. తర్వాత పిప్ నడిపితే హెచ్‌టీటీపీఎస్ పనిచేయక ఒక్క ప్యాకేజీ కూడా దిగదు.

సెంట్ఓఎస్ 7లో ఇది తప్పనిసరిగా ఎదురయ్యే సమస్య. దానికి మద్దతు 2024 జూన్ 30నే ముగిసినా, పాత సర్వర్లు ఒక్కరోజులో మాయం కావు. అందులో వచ్చేది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.2. పైథాన్ 3.10 నుంచి కనీసం 1.1.1 ఉండాలి. అందుకని ముందు కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను హోమ్‌లో కట్టి, ‘విత్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్’ ఐచ్ఛికంతో కాన్ఫిగర్‌కు దాని చోటు చెప్పాలి. 3.10 నుంచి వచ్చిన ‘ఆర్‌పాత్’ ఐచ్ఛికాన్ని ‘ఆటో’ అని ఇస్తే, నడిచేటప్పుడు కూడా ఆ లైబ్రరీ దొరుకుతుంది.

రూట్ అధికారం ఉన్న సొంత ల్యాప్‌టాప్‌లో ప్రమాదం వేరు. అక్కడ ‘మేక్ ఇన్‌స్టాల్’ బదులు ‘మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్’ వాడాలి. అప్పుడు ‘పైథాన్3’ అనే పేరు జోలికి పోకుండా ‘పైథాన్3.12’ అనే పేరుతోనే కొత్తది చేరుతుంది. ఉబుంటులో సిస్టమ్ పైథాన్ లింకును కొత్తదానివైపు తిప్పినవారికి ఆప్ట్‌కు సంబంధించిన కొన్ని పనిముట్లు మొరాయిస్తాయి. సెంట్ఓఎస్ 7లో యమ్ నడిచేదే పైథాన్ 2.7 మీద.

స్థాపన అయ్యాక కొత్త ఇంటర్‌ప్రెటర్ తెరిచి ఎస్ఎస్ఎల్, ఎస్‌క్యూలైట్3, సీటైప్స్ మాడ్యూళ్లను ఇంపోర్ట్ చేసి చూడండి. ఏ ఒక్కటి విఫలమైనా సంబంధిత లైబ్రరీ సమకూర్చి, ‘మేక్ డిస్ట్‌క్లీన్’తో పాత అవశేషాలు తుడిచి, కాన్ఫిగర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అన్నీ కుదిరితే ఆ ఫోల్డర్‌లోని బిన్ దారిని బ్యాష్‌ఆర్‌సీలో పాత్‌కు చేర్చి, ప్రతి ప్రాజెక్టుకూ విడి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవచ్చు. ఆ ఎన్విరాన్‌మెంట్లలో ఇంటర్‌ప్రెటర్ పూర్తి చిరునామా నమోదై ఉంటుంది కాబట్టి తర్వాత ఫోల్డర్ పేరు మార్చకూడదు. పైథాన్ మేక్‌ఫైల్లో ‘అన్‌ఇన్‌స్టాల్’ అనేది లేదు. వేరే ప్రిఫిక్స్‌లో పెట్టుకున్నవారు మాత్రం ఆ ఒక్క ఫోల్డర్ చెరిపేస్తే చాలు.