మత్తు ఇచ్చే నర్సు కావాలంటే

క్లీవ్‌లాండ్‌లో డిసెంబరు రాత్రి, రెండు దాటింది. బయట ఈరీ సరస్సు మీదుగా మంచుగాలి వీస్తోంది. లోపల వినిపించేది వెంటిలేటర్ ఊపిరి, మానిటర్ చప్పుడు మాత్రమే. గుండె ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే ఐసీయూ ఇది. ఆరో నంబరు మంచం మీద 68 ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. నిన్న సాయంత్రం బైపాస్ చేసి తెచ్చారు. నోట్లో ట్యూబు. మెడ సిరలోంచి గుండె దాటి ఊపిరితిత్తుల ధమని దాకా వెళ్లిన సన్నటి క్యాథెటర్. మణికట్టు ధమనిలో ఇంకో గొట్టం. ఛాతీ అడుగు నుంచి బయటికొచ్చిన రెండు లావుపాటి డ్రెయిన్లు మంచం పక్కనున్న డబ్బాలోకి రక్తం వదులుతున్నాయి. తలవైపు స్టాండుకు పంపులు వరసగా బిగించి ఉన్నాయి.

ఆయన్ని చూసుకుంటున్న నర్సుది భీమవరం దగ్గర పల్లె. విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాదులో అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి, అమెరికా వచ్చింది. ఈ రాత్రి ఆమెకు ఒక్కడే రోగి. ఇంత కొత్తగా గుండె కోసిన మనిషికి ఒక నర్సు పూర్తిగా ఉండాల్సిందే. రండి, ఆమె భుజం పక్కన నిలబడి చూద్దాం.

అర్ధరాత్రి దాకా డ్రెయిన్లోకి గంటకు 100 మిల్లీలీటర్ల దాకా వచ్చింది. ఈ గంటలో 10 కూడా రాలేదు. కొత్తవాళ్లయితే రక్తం ఆగిందని ఊరటపడతారు. ఆమె ఊరటపడలేదు. వంగి డబ్బా చూసింది, గొట్టం పొడవునా వేళ్లతో తడిమింది. లోపల నల్లటి గడ్డ తగిలింది. తలెత్తి మానిటర్ చూసింది. సగటు బీపీ 72 నుంచి 58కి దిగింది. గుండెకు తిరిగొచ్చే రక్తం ఒత్తిడి, సీవీపీ, 9 నుంచి 18కి ఎక్కింది. నాడి 118. నార్‌ఎపినెఫ్రిన్ పెంచింది. బీపీ నాలుగు అంకెలు లేచి మళ్లీ కూలబడింది.

ఫోన్ తీసింది. అవతల రాత్రి డ్యూటీ రెసిడెంట్ డాక్టరు. మందు ఇంకాస్త పెంచి చూడమన్నాడు, అరగంటలో వస్తానన్నాడు.

"పెంచాను డాక్టర్, నిలబడటం లేదు. డ్రెయిన్ ఒక్కసారిగా ఆగిపోయింది, సీవీపీ రెట్టింపయింది. గుండె చుట్టూ రక్తం గడ్డకట్టి నొక్కుతోందని నా అనుమానం. మీరు ఇప్పుడే రావాలి. ఎకో మిషన్ తెప్పిస్తున్నాను, సర్జన్‌కు కూడా చెప్పండి."

గొంతు పెరగలేదు, మాట తడబడలేదు. పది నిమిషాల్లో ఎకో తెర మీద గుండె చుట్టూ నల్లటి పట్టీ కనిపించింది. మూడు కాకముందే మంచాన్ని పంపులతో సహా థియేటర్‌కు తోశారు. గడ్డలు తీశారు, కారుతున్న చిన్న నాళాన్ని కట్టారు. తెల్లవారుజామున ఆయన తిరిగొచ్చేసరికి సీవీపీ 10. డ్రెయిన్లో పల్చటి ఎరుపు మెల్లగా దిగుతోంది.

ఆమె ఆపరేషన్లలో మత్తు ఇచ్చే నర్సు కావాలనుకుంటోంది. ఆ డాక్టరేట్‌కు అమెరికా కళాశాలలు పెట్టే షరతుల్లో ఒకటి కాగితం మీద ఒక్క వాక్యమే ఉంటుంది. క్రిటికల్ కేర్‌లో రిజిస్టర్డ్ నర్సుగా కనీసం ఒక ఏడాది పూర్తికాలపు అనుభవం. ఈ చదువులకు గుర్తింపునిచ్చే కౌన్సిల్ ఆఫ్ అక్రెడిటేషన్ పెట్టిన నియమం అది. ఆ ఏడాది అంటే ఏమిటో మనం ఇప్పుడు చూశాం. నాలుగు అంకెలను కలిపి చదవడం, మందు ఎందుకు పనిచేయడం లేదో ప్రశ్నించుకోవడం, అర్ధరాత్రి డాక్టరుకు ఎదురు చెప్పాల్సి వస్తే మర్యాదగా, గట్టిగా చెప్పడం. నిలకడ లేని రోగులను చూసి ఉండాలి, శరీరంలోకి దించిన గొట్టాలతో ఒత్తిళ్లు కొలిచి ఉండాలి, వెంటిలేటరు, తీవ్రమైన మందులు చేతికి అలవడి ఉండాలి. సర్జికల్, మెడికల్, గుండె ఐసీయూలు లెక్కలోకి వస్తాయి, పిల్లల ఐసీయూలు కూడా. అత్యవసర విభాగంలోనో, ఆపరేషన్ తర్వాత తెలివి వచ్చేదాకా ఉంచే గదిలోనో చేసిన పనిని చాలా కళాశాలలు ఒప్పుకోవు. ఏడాది అనేది తలుపు దగ్గర నిలబడటానికే. లోపలికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అంతకంటే ఎక్కువే పనిచేసి వస్తారు.

ఉదయం ఏడున్నరకు ఆమె ఇంటికొచ్చింది. వంటింటి బల్ల మీద ఆమె దరఖాస్తు ఫైలు తెరిచే ఉంది. ఫోన్లో అమ్మ. అక్కడ సాయంత్రం ఆరు, వెనక రేడియో మోగుతోంది.

"తిన్నావా అమ్మా? మొహం అలా పీక్కుపోయిందేంటే?"

"తింటానమ్మా. ఇప్పుడే వచ్చాను."

"ఇంత ఉద్యోగం ఉండగా మళ్లీ చదువేంటే నీకు?"

ఆమె నవ్వి, "చెప్తానులే, నాన్న మందులేసుకున్నారా?" అని మాట మార్చింది. ఆ ప్రశ్నకు జవాబు ఫైల్లోనే ఉంది, కానీ ఫోన్లో చెప్పేంత చిన్నది కాదు.

ఫైలు తిప్పి చూద్దాం. పైన నర్సింగ్ లైసెన్స్, ఎలాంటి ఆంక్షా, చర్యా లేనిది. దాని కింద భారతదేశపు మార్కుల పత్రాలు. మన శాతాలను అమెరికా కళాశాల నేరుగా చదవదు. వాటిని మదింపు సంస్థకు పంపితే అక్కడివాళ్లు జీపీఏగా మార్చి ఇస్తారు. 4కి 3 అన్నది చాలాచోట్ల కనీస గీత. కొన్ని కళాశాలలు సైన్సు సబ్జెక్టులకు వేరే జీపీఏ లెక్కగడతాయి. మొదటి ఏడాది ఫిజియాలజీలో ఎలాగోలా గట్టెక్కితే చాలనుకున్న రోజుల ఫలితం ఇక్కడ బయటపడుతుంది.

ఆమెకు ఇబ్బంది కెమిస్ట్రీ దగ్గర వచ్చింది. మన బీఎస్సీ నర్సింగ్‌లో బయోకెమిస్ట్రీ ఉంటుంది. కెమిస్ట్రీని కెమిస్ట్రీగా చదివింది ఇంటర్ బైపీసీలోనే. ఆమె కోరుకున్న కళాశాలకు కళాశాల స్థాయి కెమిస్ట్రీ కావాలి, అదీ ఈమధ్య చదివినది. అందుకని రాత్రి డ్యూటీల మధ్య ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరి, పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని చదివింది. ఈ షరతును చాదస్తం అనుకునేవాళ్లున్నారు. నేను అనుకోను. మత్తు వాయువు రక్తంలో ఎంత కరిగితే మనిషి ఎంత ఆలస్యంగా మేలుకుంటాడన్నది కెమిస్ట్రీయే.

ఇంకో కాగితం సీసీఆర్‌ఎన్ సర్టిఫికెట్. తీవ్ర రోగులను చూసే నర్సుల పరీక్ష అది. గత రెండేళ్లలో 1,750 గంటలు మంచం పక్కన పనిచేసినట్టు చూపిస్తే రాయనిస్తారు. కొన్ని కళాశాలలు తప్పనిసరి అంటాయి, కొన్ని ఉంటే మంచిదంటాయి. ఉండటమే మంచిది. గుండె ఆగినప్పుడు పెద్దలకు, పిల్లలకు చేయాల్సిన వైద్యంలో శిక్షణ కార్డులు రెండు. సిఫారసు లేఖల్లో ఒకటి ఐసీయూ మేనేజరుది అయి తీరాలి. ఎందుకు ఈ వృత్తి అన్న వ్యాసం ఇంకా సగంలో ఉంది. జీఆర్‌ఈ ఆమె కళాశాల అడగలేదు. అడిగేవీ ఉన్నాయి.

చివర ఒక సంతకం కాగితం. మత్తు నర్సు వెంట ఉండి పని చూసినట్టు రుజువు. ఆ రోజును మాత్రం దగ్గరగా చూడాలి.

ఉదయం ఆరు. థియేటర్లో ఇంకా రోగి లేడు. మత్తు నర్సుకు యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే మత్తు మిషను తనిఖీ మొదలుపెట్టింది. గోడ నుంచి వచ్చే ఆక్సిజన్ ఒత్తిడి, వెనకనున్న అదనపు సిలిండరు, గొట్టాల్లో గాలి కారుతోందా, సక్షన్ లాగుతోందా, గొంతు చూసే లారింగోస్కోపు దీపం వెలుగుతోందా. తర్వాత మందులు సిరంజిల్లోకి తీసి ఒక్కోదానికీ రంగు లేబులు అంటించింది. ఒక్క సిరంజి కూడా లేబులు లేకుండా బల్ల మీద పెట్టలేదు.

పిత్తాశయం తీయించుకోవడానికి వచ్చిన స్త్రీని తెచ్చారు. మాస్కు పెట్టి మూడు నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించింది. చెవి దగ్గర ఏదో మెల్లగా అంటోంది, రోగి తలూపుతోంది. పాలలాంటి తెల్లటి ప్రొపోఫాల్ సిరలోకి వెళ్లింది. కళ్లు మూతపడ్డాయి. తర్వాత కండరాలను సడలించే రోక్యురోనియం. ఛాతీ ఆగిపోయింది. ఇక ఆ మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేదు. గదిలో ఎంతమంది ఉన్నా ఆ నిమిషంలో ఆమె ఊపిరి ఒక్క చేతిలోనే ఉంది. ఆ చెయ్యి మాస్కు పట్టి సంచీ నొక్కింది, ఆగి, లారింగోస్కోపు పెట్టి, స్వరపేటిక మధ్యలోంచి ట్యూబు జార్చింది.

అప్పుడు మన నర్సు వైపు తిరిగి అడిగింది. "ఆక్సిజన్ 100 చూపిస్తోంది కదా. ఒకవేళ నేను ట్యూబును అన్నవాహికలోకి దించి ఉంటే ఆ అంకె ఎప్పుడు పడుతుంది?"

"వెంటనే పడదు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపి ఉంచారు కాబట్టి కొన్ని నిమిషాలు 100లోనే ఉండొచ్చు. ముందుగా చెప్పేది కార్బన్ డయాక్సైడ్ గీత."

మానిటర్ మీద ఆ గీత ప్రతి ఊపిరికీ గుట్టలా లేస్తూ దిగుతోంది. మత్తు నర్సు తలూపి, రెండు వైపులా స్టెతస్కోపు పెట్టి విని, ట్యూబుకు ప్లాస్టరు వేసింది.

మన దేశంలో ఈ చోట మత్తు డాక్టరు ఉంటాడు. నర్సు స్వయంగా మత్తు ఇవ్వడమన్నది మనవాళ్లకు వింతగా తోస్తుంది. అమెరికాలో ఇది 19వ శతాబ్దం నుంచే ఉంది. మేయో సోదరుల దగ్గర పనిచేసిన నర్సు ఆలిస్ మెగా, తాను ఇచ్చిన 14,000కు పైగా మత్తుల అనుభవాన్ని 1906లో అచ్చు వేసింది. ఈ క్లీవ్‌లాండ్‌లోనే లేక్‌సైడ్ ఆసుపత్రిలో అగాథా హాడ్జిన్స్ మత్తు బడి నడిపి, 1931లో మత్తు నర్సుల జాతీయ సంఘాన్ని స్థాపించింది. మన హైదరాబాదుకూ ఈ చరిత్రలో చోటుంది. క్లోరోఫారం ఊపిరిని ముందు ఆపుతుందా, గుండెనా అని తేల్చడానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1889లో క్లోరోఫారం కమిషన్ నడిపించాడు. ఆ కాలంలోనే రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ మహిళ హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమెను లెక్కిస్తారు. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

ఇప్పుడు ఇంటర్వ్యూ గది. పొడవాటి బల్లకు అవతల నలుగురు, ఇవతల ఒక కుర్చీ.

"ఈమధ్య మీరు చూసిన కష్టమైన రోగి గురించి చెప్పండి."

ఆమె ఆరో నంబరు మంచం గురించి చెప్పింది. కథ పూర్తికాకముందే ప్రశ్నలు లోపలికి తవ్వడం మొదలుపెట్టాయి. నార్‌ఎపినెఫ్రిన్ ఏ రిసెప్టర్ల మీద పనిచేస్తుంది? ముఖ్యంగా ఆల్ఫా-1, కొంత బీటా-1. మరి పెంచినా ఎందుకు నిలబడలేదు? గుండెలోకి రక్తమే రానప్పుడు, నాళాలు బిగించి ఎంతసేపు నెట్టుకొస్తాం? ఆ రోగికి ట్యూబు లేదనుకోండి, మీరే మత్తు ఇవ్వాలి. ప్రొపోఫాల్ ఇస్తారా?

ఒక్క క్షణం ఆగింది. "భయపడతాను. అది నాళాలను వదులు చేస్తుంది, తిరిగొచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. వెంటిలేటరు ఒత్తిడి కూడా అదే పని చేస్తుంది కాబట్టి సొంత ఊపిరిని వీలైనంతసేపు ఉంచాలనుకుంటాను. ఏ మందు ఎంచుకోవాలన్నది నాకు ఇంకా తెలియదు."

బల్ల అవతల ఒకావిడ ఏదో రాసుకుంది. కెటమిన్ అన్న జవాబు మత్తు చదువు పుస్తకాల్లో మొదటి ఏడాదే వస్తుంది. తెలిసిన దగ్గర దాకా కారణం చెప్పి, తెలియనిచోట తెలియదనే మనిషి కోసమే వాళ్లు ఆ కుర్చీ వేశారు. తెలియకుండా ఊహించి మందు ఎక్కించే మనిషి థియేటర్లో ప్రమాదం.

ఇంకో ప్రశ్న. వారం కిందట కాలిన గాయాలతో వచ్చిన రోగికి సక్సినైల్‌కోలిన్ ఎందుకివ్వరు? పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగొచ్చు. ఆ తర్వాత మందుల్లేని ప్రశ్న. రోగి సిద్ధంగా లేడని మీకు అనిపిస్తోంది, సర్జన్ తొందరపెడుతున్నాడు, ఏం చేస్తారు? దీనికి ఆమె వెతుక్కోలేదు. ఆ రాత్రి రెసిడెంట్‌కు చేసిన ఫోన్‌కాల్ గురించి చెప్పింది.

సీటు దొరికి లోపలికి వెళ్లాక చదువు కనీసం 36 నెలలు. 2022 జనవరి నుంచి కొత్తగా చేరేవాళ్లందరూ డాక్టరేట్ స్థాయిలోనే చేరాలి. అంతకుముందు మాస్టర్స్ సరిపోయేది. కనీసం 600 మందికి మత్తు ఇవ్వాలి, 2,000 గంటలు క్లినికల్ పని చేయాలి, ప్రాజెక్టు రాయాలి, చివర జాతీయ పరీక్ష ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ చదవడం కుదరని పని. అంటే మూడేళ్లు జీతం ఉండదు, పైగా ఫీజులు లక్ష డాలర్లు దాటే కళాశాలలు చాలా ఉన్నాయి. ఇంటికి డబ్బు పంపే ఆడపిల్లకు ఆ మూడేళ్లు ఎంత బరువో అమెరికా దరఖాస్తు ఫారంలో ఎక్కడా రాయరు. ఇంట్లోవాళ్లతో ఆ మాట ముందే మాట్లాడుకోవాలి.

అమెరికా వెళ్లే తెలుగు నర్సులకు నేను చెప్పేది ఇదే. దేశం వదిలేముందు మీ విశ్వవిద్యాలయం నుంచి సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు అదనంగా తీయించి దగ్గరుంచుకోండి. చేరదలచిన కళాశాల షరతులు దాని దగ్గరే చదవండి, ఒకదానివి ఇంకోదానికి సరిపోవు. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు నాలుగు డాలర్లు ఎక్కువిచ్చే వార్డును వదిలి ఐసీయూకు వెళ్లండి. అక్కడ చేరాక, అందరికంటే బాగాలేని రోగిని మీకు ఇవ్వమని అడగండి.