విభజిత కంప్యూటర్లపై మాత్రికల గుణకారం

దేని మెమరీ దానికే ఉన్న ప్రాసెసర్లు నెట్‌వర్క్ మీద సంఖ్యలు ఇచ్చిపుచ్చుకుంటూ రెండు పెద్ద మాత్రికలను గుణించే పద్ధతులు ఇవి. పైకి ఇది లెక్కలు పంచుకునే సమస్యలా కనిపిస్తుంది గానీ, ఆ పంపకం తేలికే. ఫలితంలోని ఏ సంఖ్యనైనా మిగిలినవాటితో పనిలేకుండా కట్టవచ్చు. పద్ధతుల మంచిచెడ్డలు తేలేది సంఖ్యల రవాణా దగ్గర. 32,768 అడ్డువరుసలు, అన్నే నిలువువరుసలు ఉన్న మాత్రికలను 1,024 ప్రాసెసర్లకు పంచామనుకుందాం. తలా 32 అడ్డువరుసలు ఇస్తే, ప్రతి ప్రాసెసరుకూ రెండో మాత్రిక మొత్తం, అంటే సుమారు 107 కోట్ల సంఖ్యలు, అందాలి. అవే ప్రాసెసర్లను 32×32 గడులుగా పేర్చి, గడికో చదరపు ముక్క ఇస్తే అందాల్సినవి 6.7 కోట్లకు దిగుతాయి. చేయాల్సిన గుణకారాల్లో మాత్రం ఒక్కటీ తగ్గదు.

ఈ గడుల పద్ధతికి పేరుపడ్డ తొలి రూపం 1969 నాటి లిన్ కానన్ పీహెచ్‌డీ గ్రంథంలో ఉంది. ముందుగా ముక్కలను ఏటవాలుగా సర్దుతారు. ఆపై ప్రతి అంచెలో మొదటి మాత్రిక ముక్కలు ఎడమకు, రెండోదాని ముక్కలు పైకి ఒక్కో గడి జరుగుతాయి. అంచు దాటినవి చుట్టుతిరిగి అవతలి అంచుకు చేరతాయి. రవాణాయే కీలకమైతే ఇంత పొదుపైన పద్ధతిని పక్కనపెట్టి లైబ్రరీలు సుమ్మా అనే మరో పద్ధతి వైపు ఎందుకు మొగ్గాయన్న ప్రశ్న న్యాయమైనదే. వాన్ డి గైన్, వాట్స్ 1997లో ప్రచురించిన సుమ్మాలో ముక్కలు జరగవు. అడ్డువరుస పొడవునా, నిలువువరుస పొడవునా ప్రసారమవుతాయి. దీనికి ఖర్చు కాస్త ఎక్కువే. అయితే చదరం కాని మాత్రికలకూ, చదరం కాని గడులకూ ఇది ఇబ్బంది లేకుండా ఒదుగుతుంది. రవాణా పరిమాణం స్థూలంగా కానన్ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి, ఈ ఎంపిక మన వాదనకు అడ్డురాదు.

మాత్రికల ఒక్క ప్రతికి సరిపడా మెమరీ మాత్రమే ఉంటే, మామూలు గుణకార పద్ధతిలో రవాణాను ఈ స్థాయి కంటే పెద్దగా తగ్గించలేమని ఐరనీ, టోలెడో, టిస్కిన్ 2004లో నిరూపించారు. మెమరీ మిగిలి ఉంటే కథ వేరు. సోలోమోనిక్, డెమ్మెల్ 2011లో ప్రతిపాదించిన పద్ధతిలో నాలుగు నకళ్లు ఉంచుకుంటే అంచెల్లో జరిగే రవాణా సగమవుతుంది. నకళ్లు పంచడానికీ, పాక్షిక ఫలితాలు కూడడానికీ అయ్యే ఖర్చు అదనం. ఇంత తంటా ఎందుకు, లెక్క సాగుతుండగానే తర్వాతి ముక్కలు తెప్పించుకోవచ్చు కదా అని అడగవచ్చు. అలా చేసినా, మొత్తం కాలాన్ని లెక్కకూ రవాణాకూ పట్టే సమయాల్లో పెద్దదాని కంటే కిందికి తగ్గించలేం. అంటే మొత్తం కాలంలో ఆదా అయ్యేది మహా అయితే సగం. పైగా గడుల పద్ధతిలో ప్రాసెసర్లను నాలుగింతలు చేస్తే ఒక్కోదాని లెక్క పావుకు పడిపోతుంది, రవాణా మాత్రం సగానికే ఆగుతుంది. యంత్రం పెరిగేకొద్దీ ఒకచోట రవాణాయే పెద్దదవుతుంది. అక్కడినుంచి దాన్ని దాచడానికి వెనుక సరిపడా లెక్క ఉండదు.