అఖ్బార్ దఫ్తర్‌లో పుట్టిన జాంగో

తారీఖు అంటే తెలుగులో తేదీ మాత్రమే. ఉర్దూలో ఆ మాటకి చరిత్ర అనే మతలబు కూడా ఉంది. లినక్స్ సర్వర్ మీద జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ పెట్టేటప్పుడు నాకు ఈ రెండో అర్థమే గుర్తొస్తుంది. మనం టైపు చేసే హుకుములు పట్టుమని పది ఉండవు. కానీ ఒక్కో హుకుం వెనుక ఒక ముసీబత్, దాన్ని దాటిన మనుషుల మెహనత్ ఉన్నాయి.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే చిన్న షహర్ ఉంది. అక్కడి అఖ్బార్ లారెన్స్ జర్నల్-వరల్డ్. 2003లో దాని వెబ్ విభాగంలో ఏడ్రియన్ హోలోవాటీ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన సైమన్ విల్లిసన్ పనిచేస్తున్నారు. పీహెచ్‌పీలో రాసిన సైట్లు పెరిగేకొద్దీ సంభాళించడం కష్టమై పైథాన్ వైపు మళ్లారు. అఖ్బార్ పని సంగతి మీకు ఎరుకే కదా. పొద్దున ఒక కొత్త పేజీ కావాలంటారు, సాయంత్రానికి తయారుగా ఉండాలి. ప్రతి సైటూ మొదటి అక్షరం నుంచి రాసే ఫుర్సత్ ఎవరికీ ఉండదు. అందుకని మళ్లీ మళ్లీ వచ్చే పనులను విడదీసి ఒకచోట పెట్టుకున్నారు. అదే జాంగోకి బునియాద్.

దాని పుట్టిల్లు ఏదో ఇవాళ్టికీ ఇట్టే తెలిసిపోతుంది. విలేకరి కోడ్ ముట్టకుండా ఖబర్ ఎక్కించడానికి అడ్మిన్ పేజీలున్నాయి. డిజైనర్ పైథాన్ నేర్చుకోకుండానే పేజీ రూపు మార్చడానికి టెంప్లేట్లున్నాయి. 2005 జులైలో బీఎస్‌డీ లైసెన్సు కింద దీన్ని అందరికీ ఇచ్చేశారు. పేరు మాత్రం గిటార్ ఉస్తాద్ జాంగో రైన్‌హార్ట్‌ది. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్లు దెబ్బతిన్నా వాయించడం మానని కళాకారుడు.

ఇక సర్వర్ సంగతి. ముందు చేయాల్సింది ప్రాజెక్టుకి వేరే కమరా కట్టడం. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లు తమ సొంత పనులకూ పైథాన్ వాడుకుంటాయి. దాని ప్యాకేజీలను మనం కదిలిస్తే ఇంటి గోడే కదులుతుంది. 2007లో ఇయాన్ బికింగ్ వర్చువల్‌ఎన్వ్ తెచ్చింది ఇలాంటి చిక్కులకే. 2012లో పైథాన్ 3.3తో వెన్వ్ అనే పేరున ఆ సదుపాయం పైథాన్‌లోనే చేరింది. 2023లో వచ్చిన డెబియన్ 12 అయితే కమరా బయట పిప్ వాడబోతే సాఫ్‌గా ఇన్కార్ చేస్తుంది.

తర్వాత గునికార్న్. 1993 నాటి సీజీఐ పద్ధతిలో పేజీ అడిగిన ప్రతిసారీ ఒక కొత్త ప్రోగ్రాం లేచి, జవాబు చెప్పి, చచ్చిపోయేది. ఆ తర్వాత రకరకాల పద్ధతులొచ్చాయి, ఒకదాని జబాన్ ఇంకొకదానికి తెలియదు. 2003 డిసెంబర్‌లో ఫిలిప్ ఈబీ రాసిన డబ్ల్యుఎస్‌జీఐ ప్రతిపాదన వెబ్ సర్వర్‌కీ పైథాన్‌కీ మధ్య ఒకే బోలీ ఖరారు చేసింది. గునికార్న్ ఆ బోలీ తెలిసిన తర్జుమాన్. కొందరు పనివాళ్లను ముందే హాజరుగా ఉంచుకుంటుంది. జాంగోతో వచ్చే రన్‌సర్వర్ మన బల్ల మీద పరీక్షించుకోవడానికే, బజారులో పెట్టడానికి కాదు.

దర్వాజా దగ్గర దర్బాన్ ఎంజినెక్స్. ఒక్క సర్వర్ పదివేల మందికి ఏకకాలంలో ఎలా జవాబివ్వాలన్న సవాల్‌ని 1999లో డాన్ కెగెల్ ముందు పెట్టాడు. రష్యాకి చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజినెక్స్ దానికొక జవాబు. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు తానే అందించి, మిగతా అర్జీలను మాత్రమే లోపలికి పంపుతుంది. నెమ్మది ఇంటర్నెట్ మీద వచ్చినవాళ్లను తానే ఓపిగ్గా చూసుకుంటుంది. కలెక్ట్‌స్టాటిక్ హుకుం ఆ ఫైళ్లన్నిటినీ దర్బాన్‌కి అందేలా ఒకచోట చేరుస్తుంది. కరెంటు పోయి వచ్చినా గునికార్న్‌ని నిద్రలేపే పని సిస్టమ్‌డీది. డీబగ్‌ని ఆపి, మన సైటు పేరును అలౌడ్ హోస్ట్స్‌లో రాస్తే కొలువు మొదలైనట్టే.

నాకు ఇష్టమైన చోటు మాత్రం జాంగో భాషల ఫెహరిస్త్. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే జాబితాలో ఉంటాయి. కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు పక్కన ఇంకో చిన్న జాబితా, ఉర్దూ అందులోనూ ఉంది. సెట్టింగ్స్‌లో రెండక్షరాల గుర్తు మారిస్తే అడ్మిన్ పేజీ దిశే మారిపోతుంది. దీనికి ఎవరి దగ్గరా ఇజాజత్ తీసుకోనక్కర్లేదు.

ఇజాజత్ మాట ఊరికే అనడం లేదు. నాకు తెలిసిన ఒక చిన్న పత్రిక పాత సంచికలన్నీ ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. కాంట్రాక్టు ముగిసింది, తాళంచెవి కంపెనీ దగ్గరే ఉండిపోయింది. రాసింది పత్రికవాళ్లే, చదవడానికి హక్కు లేకుండా పోయింది.

లారెన్స్ అఖ్బార్ కథ వేరుగా నడిచింది. జాంగో మీద కట్టిన ఎల్లింగ్టన్ అనే సాఫ్ట్‌వేర్‌ని ఆ సంస్థ అమ్ముకుంది, అడుగున ఉన్న జాంగోని మాత్రం అందరికీ వదిలింది. 2008లో దాని బాగోగులు చూడటానికి ఒక ఫౌండేషన్ ఏర్పడింది, అదే ఏడు సెప్టెంబర్‌లో 1.0 వచ్చింది. 2016లో అఖ్బార్ వేరే మాలిక్ చేతికి పోయింది. జాంగోకి అప్పటికి మాలిక్‌తో పనే లేదు. తాళం వేసి దాచి ఉంటే అదీ ఆస్తిలెక్కల్లో ఒక వరుసగా చేతులు మారేది. ఇచ్చేశారు కనుకే ఇవాళ మన రెండు జబాన్లకూ అక్కడ జాగా ఉంది.