ముంపును తట్టుకునే వరి: జన్యు పరిశోధన చరిత్ర

వరి నీళ్లలో పెరిగే పైరే కాని, నీటి అడుగున బతికే పైరు కాదు. చేను నిలువునా మునిగితే ఆకులకు గాలీ వెలుతురూ సరిగా అందవు. చాలా రకాలు వారం దాటితే కుళ్లిపోతాయి. కొన్ని దేశవాళీ రకాలు మాత్రం రెండు వారాల దాకా ఓర్చుకుని, నీరు తీశాక మళ్లీ చిగురిస్తాయి. ఈ ఓర్పుకు మూలమైన జన్యువును గుర్తించి, రైతులు మెచ్చిన రకాల్లోకి చేర్చిన కృషి సుమారు మూడు దశాబ్దాలు సాగింది. మారుతున్న వాతావరణానికి జీవజాతులు ఎలా సర్దుకుంటాయో జన్యుక్రమాల ద్వారా తెలుసుకునే శాస్త్రంలో, ప్రయోగశాల నుంచి పొలం దాకా చేరిన ఉత్తమ ఉదాహరణ ఇదే.

దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో సుమారు 2 కోట్ల హెక్టార్ల వరి భూములు ముంపు బారిన పడే అవకాశం ఉంది. భారత్, బంగ్లాదేశ్‌లలో వరదల వల్ల ఏటా 40 లక్షల టన్నుల ధాన్యం నష్టపోతున్నట్టు అంచనా. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది కాబట్టి కుండపోత వానలు పెరుగుతున్నాయి. సముద్రమట్టం పెరిగేకొద్దీ డెల్టాల్లో మురుగునీరు దిగడమూ కష్టమవుతుంది.

పూర్వచరిత్ర

వరి సాగు చైనాలోని యాంగ్జీ లోయలో సుమారు 9,000 ఏళ్ల కిందట మొదలైంది. తర్వాత ఆసియా అంతటా వ్యాపించింది. 1,400కు పైగా దేశవాళీ రకాల జన్యుక్రమాలను పోల్చి 2020లో వెలువరించిన అధ్యయనం, 4,200 ఏళ్ల కిందట వాతావరణం చల్లబడిన సమయంలోనే జపానికా వర్గపు వరిలో చలిని తట్టుకునే శాఖ విడివడిందని సూచించింది. ముంపు తట్టుకునే రకాలు ఎక్కువగా బెంగాల్, ఒడిశా ప్రాంతాల ఆవుస్ వర్గంలో కనిపిస్తాయి.

ఎఫ్ఆర్13ఏ

ఈ చరిత్రకు కేంద్రం ఒడిశా. అక్కడి రైతులు తరతరాలుగా పండించిన ధలపుటియా అనే దేశవాళీ రకం నుంచి, 20వ శతాబ్ది నడిమి దశకాల్లో భారతీయ ప్రజనన శాస్త్రవేత్తలు ఎఫ్ఆర్13ఏ అనే శుద్ధవంశాన్ని ఎంపిక చేశారు. ఎఫ్ఆర్ అంటే ఫ్లడ్ రెసిస్టెంట్. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) 1970ల్లో వేలాది నమూనాలను నీట ముంచి పరీక్షించినప్పుడు, బాగా నిలిచిన కొద్ది రకాల్లో ఇది ముందు వరుసలో ఉంది. అయితే ఇది పొడవుగా పెరిగి పడిపోయే రకం, దిగుబడీ తక్కువ. దీన్ని మేలు రకాలతో కలిపి పొట్టి వంగడాలు తయారుచేసినా, అవి రైతుకు నచ్చలేదు. ముంపు ఓర్పుతో పాటు అక్కరలేని గుణాలు కూడా వెంట వచ్చేవి. ఏ జన్యువు కావాలో తెలియకుండా చేసే సంకరణానికి ఉన్న పరిమితి అది.

సబ్1 జన్యువు గుర్తింపు

1996లో అమెరికాలోని డేవిస్‌లో కెనోంగ్ షూ, డేవిడ్ మెకిల్ ముంపు ఓర్పుకు మూలం 9వ క్రోమోజోములోని ఒకే ప్రాంతంలో ఉందని తేల్చి, దానికి సబ్1 అని పేరుపెట్టారు. ఓర్పులోని తేడాలో సుమారు 70 శాతానికి ఆ ఒక్క ప్రాంతమే కారణం. కరవు ఓర్పు వంటి గుణాలు సాధారణంగా అనేక జన్యువులపై తలా కొంత ఆధారపడతాయి కాబట్టి, ఇది అరుదైన అదృష్టం.

ఈలోగా వరి జన్యుక్రమం బయటపడింది. 2002 ఏప్రిల్‌లో ఇండికా, జపానికా వరుల ముసాయిదా క్రమాలు వెలువడ్డాయి. 2005 ఆగస్టులో అంతర్జాతీయ బృందం నిప్పోన్‌బరే అనే జపాన్ రకం పూర్తి క్రమాన్ని ప్రకటించింది. 12 క్రోమోజోములు, సుమారు 38.9 కోట్ల జన్యు అక్షరాలు. 11వ క్రోమోజోము పనిలో భారత్ పాలుపంచుకుంది.

కాని వెతుకుతున్న జన్యువు ఆ క్రమంలో లేదు. 2006 ఆగస్టులో ‘నేచర్’ పత్రికలో షూ, మెకిల్, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెరెస్ తదితరులు ప్రకటించినదాని ప్రకారం, సబ్1 ప్రాంతంలో మూడు జన్యువులు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ముంపును నిభాయించేది సబ్1ఏ. నిప్పోన్‌బరేలో అది అసలే లేదు. కొన్ని ఇండికా రకాల్లో ఉన్నా, రూపం వేరు. అందుకే ఎఫ్ఆర్13ఏ వంశంలోని ఆ ముక్కను విడిగా చదవాల్సి వచ్చింది. ఒక్క రకపు జన్యుక్రమం చదివితే జాతి మొత్తం తెలిసినట్టు కాదని శాస్త్రలోకానికి స్పష్టంగా చూపిన సందర్భాల్లో ఇదొకటి. 2018లో 89 దేశాలకు చెందిన 3,010 వరి నమూనాల క్రమాలను పోల్చినప్పుడు, అంతవరకు నమోదు కాని 10,000కు పైగా జన్యువులు బయటపడ్డాయి.

పనిచేసే తీరు

నీటిలో వాయువుల కదలిక గాలిలో కన్నా సుమారు పదివేల రెట్లు నెమ్మది. మునిగిన మొక్కలో పుట్టే ఎథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే పోగుపడుతుంది. దాని ప్రభావంతో జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ చురుకై, మొక్క నీటిపైకి రావాలని గబగబా సాగుతుంది. ఆ సాగుదలకు దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చవుతుంది. నీరు తీశాక నిలబడే సత్తువ లేక పైరు వాలిపోతుంది. సబ్1ఏ ఉన్న మొక్క ఇందుకు విరుద్ధం. అదే ఎథిలీన్ ఈ జన్యువును మేల్కొలుపుతుంది. అది జిబ్బరెల్లిన్ ప్రభావాన్ని అణిచే ప్రొటీన్లను పెంచుతుంది. మొక్క ఊపిరి బిగబట్టినట్టు ఎదుగుదల ఆపేసి, నిల్వలు కాపాడుకుంటుంది. ఈ జన్యువు ఎండుదలను తట్టుకోవడానికీ తోడ్పడుతుందని 2011లో వెల్లడైంది. ముంపు వెనకే ఎండ కాసే మన వానాకాలానికి ఈ రెండో గుణం చాలా విలువైనది.

బంగ్లాదేశ్ లోతునీటి వరి దారి వేరు. అది రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా సాగి తల నీటిపైన ఉంచుతుంది. దానికి కారణమైన స్నార్కెల్ జన్యువులను నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన మొటొయుకి అషికరి బృందం 2009లో గుర్తించింది. ఇవి 12వ క్రోమోజోముపై ఉన్నాయి. కొద్దిరోజుల వరదకు ఆగడం, నెలల తరబడి నిలిచే నీటికి సాగడం: ఒకే జాతి ఒకే వర్గపు జన్యువులతో రెండు వేర్వేరు పరిష్కారాలు కనిపెట్టుకుంది.

స్వర్ణ నుంచి స్వర్ణ-సబ్1

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో వసిష్ఠ, మసూరి రకాల సంకరణంతో రూపొందిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, 1982లో విడుదలైంది. గోదావరి డెల్టా సార్వాలోనే కాక ఒడిశా, పశ్చిమ బెంగాల్, బిహార్, ఛత్తీస్‌గఢ్, బంగ్లాదేశ్ పల్లపు భూముల్లోనూ కోట్లమంది తినే అన్నమైంది. అయితే ముంపును అది తట్టుకోదు. ఇర్రి బృందం కొత్త రకం తెచ్చి రైతును మార్చుకోమనలేదు. రైతు రకాన్నే ఉంచి, దానికి ఒక్క గుణం చేర్చాలని నిర్ణయించింది. ఈ వివేకమే పథకం విజయానికి ప్రధాన కారణం.

ఎఫ్ఆర్13ఏ వంశపు ఐఆర్49830ను స్వర్ణతో కలిపి, పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరించారు. ప్రతి తరంలో జన్యు గుర్తులతో పరీక్షించి, సబ్1 ఉండి మిగతా అంతా స్వర్ణే అయిన మొక్కలను మాత్రమే నిలుపుకున్నారు. రెండు మూడు తరాల్లో పని పూర్తయింది. ఈ పద్ధతిని వివరించే 2007 నాటి పరిశోధన పత్రానికి తొలి రచయిత, హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త సి.ఎన్. నీరజ.

స్వర్ణ-సబ్1 భారత్‌లో 2009లో, బంగ్లాదేశ్‌లో 2010లో విడుదలైంది. బాపట్ల రకం సాంబ మసూరికి, ఐఆర్64కు, తమిళనాడులో పండించే సీఆర్1009కు, బంగ్లాదేశ్ బీఆర్11కు కూడా సబ్1 రూపాలు వచ్చాయి. ఒడిశాలో 128 గ్రామాల్లో జరిపిన క్షేత్ర ప్రయోగం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పది రోజులు మునిగిన పొలాల్లో స్వర్ణ కన్నా స్వర్ణ-సబ్1 దిగుబడి సుమారు 45 శాతం ఎక్కువ. వరద రాని ఏడాది దిగుబడిలో తేడా లేదు. ముంపు పల్లాలు నిమ్న కులాల రైతుల చేతుల్లోనే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి, మేలు వారికి అధికంగా చేరిందని అదే అధ్యయనం గుర్తించింది.

పరిమితులు, తర్వాతి పరిశోధన

రెండు వారాలు మించిన ముంపును, వారాల తరబడి నడుము లోతున నిలిచే నీటిని సబ్1 ఒక్కటే ఎదుర్కోలేదు. వెదజల్లిన గింజ నీటి అడుగున మొలవడానికీ వేరే జన్యువు కావాలి. అందుకు మయన్మార్ రకం ఖావో హ్లాన్ ఆన్ నుంచి ఒక జన్యువును 2015లో గుర్తించారు. కరవు ఓర్పు జన్యు ప్రాంతాలను ఐఆర్64లో చేర్చిన డీఆర్ఆర్ ధాన్ 42 కూడా భారత్‌లో విడుదలైంది.

స్వర్ణ-సబ్1 జన్యుమార్పిడి పంట కాదు, సాధారణ సంకరణంతో వచ్చిన సూటిరకం. కాబట్టి రైతు తన పంటలోంచే మరుసటి ఏటికి విత్తనం దాచుకోవచ్చు.