పెద్ద సముద్రపు కాకి: పేరు వెనుక చరిత్ర

బాలాపూరు వంటి ఊళ్ళలో పెరిగిన విద్యార్థులకు సముద్రపు కాకులు కొత్త పక్షులు. శీతకాలంలో కాకినాడ తీరానికి వెళ్ళితే వీటిని గుంపులుగా చూడవచ్చును. గోధుమరంగు తల గల చిన్న జాతి మనకు తరచుగా కనిపించేది. శీతకాలంలో ఆ తల తెల్లబడుతుంది. 1840లో దీనిని శాస్త్రీయంగా వర్ణించినవాడు టి. సి. జెర్డన్ అనే వైద్యుడు. ఆయన కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు.

ఆ గుంపులో ఒక పక్షి తక్కినవాటికన్న ఒకటిన్నర రెట్లు పెద్దదిగా ఉన్నదనుకొందాం. అది ఏ జాతి?

దాని పసుపుపచ్చని ముక్కు చివర నల్లని పట్టీ, కంటి వెనుక నల్లని మరక ఉంటే, అది 1773లో పల్లాస్ వర్ణించిన పక్షి కావచ్చును. వేసవి రాగానే దాని తల నల్లబడుతుంది.

తల తెల్లగా, వీపు ముదురు బూడిదరంగుగా ఉంటేనే చిక్కు వస్తుంది. అటువంటి పక్షులలో ఒకదానికి 1758లో లిన్నేయస్, మరొకదానికి 1763లో పొంటోప్పిడాన్ పేర్లు పెట్టారు. సైబీరియా ఉత్తరాన గుడ్లుపెట్టి మన దేశానికి వలసవచ్చే పక్షికి 1876లో హ్యూగ్లిన్ పేరు వచ్చింది. దక్షిణాన గడ్డిమైదానాలలో ఉండే దాని బంధువును 1960లో యోహాన్‌సెన్ వర్ణించాడు. హ్యూగ్లిన్ పక్షిని ఒకప్పుడు కొందరు పొంటోప్పిడాన్ జాతిలో చేర్చారు. మరికొందరు వేరే జాతి అన్నారు. నేడు అనేక జాబితాలు ఈ రెంటినీ లిన్నేయస్ జాతికి ఉపజాతులుగా చూపుతున్నవి.

ఈ పక్షులు ఉత్తరధ్రువం చుట్టూ గొలుసువలె అల్లుకొన్నవని 1942లో ఎర్నెస్ట్ మేయర్ వివరించాడు. పొరుగు జాతులు కలిసిపోతాయి. గొలుసు రెండు కొసలు ఎదురైనచోట మాత్రం కలవవు అని ఆ భావన. పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన ఈ వివరణను 2004లో డి.ఎన్.ఏ. పరిశోధన తోసిపుచ్చింది. ఈ పక్షుల పూర్వికులు అట్లాంటిక్ ప్రాంతంలోనూ, కాస్పియన్-ఆరల్ ప్రాంతంలోనూ రెండు వేర్వేరు స్థావరాలలో ఉండేవారని తేలింది.

దీనినుండి విద్యార్థి గ్రహించవలసినది ఏమి? నోటుపుస్తకంలో పేరు ఒక్కటే వ్రాస్తే, ఆ పేరు మారిననాడు ఆ వ్రాత అక్కరకు రాదు. వీపు రంగు, కాళ్ళ రంగు, ముక్కు ఆకారం, రెక్కల కొసలమీది తెల్లచుక్కలు, తేదీ, స్థలం వ్రాయండి. పెద్ద సముద్రపు కాకికి పూర్తి ఈకలరంగు రావడానికి సుమారు నాలుగేళ్ళు పడుతుంది; కనుక వయస్సును కూడా గమనించండి. పేరు తేలకపోతే "తేలలేదు" అనే వ్రాయండి. అందులో సిగ్గుపడవలసినది లేదు. వర్ణన సరిగా ఉంటే, పేరును రేపటివారు నిర్ణయించగలరు.