నాచుకుండలో ఆర్కిడ్

కొన్ని సంవత్సరముల క్రిందట మిత్రులొకరు మాకొక ఆర్కిడ్ మొక్కను బహూకరించిరి. స్ఫాగ్నమను తెల్లని నాచుతో నింపిన చిన్న కుండలో అది నిండుగా పూచియుండెను. ప్రతి ఉదయము తులసికోటకు నీరు పోసి, చెంబులో మిగిలినది దానికిని పోయుచు వచ్చితిమి. రెండు నెలలు గడువకముందే ఆకులు వడలినవి. దాహమని తలచి మరియొక చెంబెడు పోసితిమి. తుదకు కుండ బోర్లించి చూడగా వేళ్లన్నియు కుళ్లి, తాకగానే పైపొర ఊడి చేతికి వచ్చెను. తరువాత గ్రంథములు తిరుగవేయగా, ఈ తప్పు క్రొత్తది కాదనియు, ఇంగ్లండు ప్రభువులు దీనినే నూరు సంవత్సరములకు పైగా గొప్ప ధనవ్యయముతో చేసిరనియు తెలిసి మాకు కొంత ఊరట కలిగినది.

చెట్టుకొమ్మలపై మొలచు మొక్కలను మనవారు బదనికలందురు. చెట్టుసారమును పీల్చి బ్రతుకు మొక్కలకును ఆ పేరే చెల్లును. కాని ఆర్కిడ్ అట్టిది కాదు. కొమ్మ దానికి ఆసనమే కాని ఆహారము కాదు. సామర్లకోటలో కంపెనీవారి తోటను నడిపిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 1795లో వెలువరింప మొదలిడిన గ్రంథమున ఇట్టి యొక ఆర్కిడ్‌ను బొమ్మతో వర్ణించెను. దానికి తరువాత చేరిన వాండా యను శాస్త్రనామము సంస్కృతమునుండి పోయినదే. ఈ మొక్కల వేళ్లపై మృతకణములతో నేర్పడిన దూదివంటి పొర కలదు. వాన పడగానే అది నీటిని పీల్చి పచ్చబడును. గాలికి ఆరి మరల వెండివన్నె దాల్చును. ఆ తడియు కావలెను, ఆ ఆరుటయు కావలెను. ఇంగ్లండువారికి అంతుపట్టనిది రెండవదే.

1731లో బహామా దీవులనుండి పీటర్ కాలిన్సన్ అను వర్తకునకు ఒక ఆర్కిడ్ చేరెను. పిమ్మట ఓడలమీద అనేకము వచ్చినవి. ఉష్ణదేశపు మొక్కలు గనుక వేడియు ఆవిరియు ఉండిన చాలునని తోటమాలులు నిశ్చయించుకొనిరి. తోళ్లు ఊనుటకు వాడిన బెరడును గుంటలలో పోసి, అది పులిసి వేడెక్కగా కుండలను అందులో పాతి, గాజుటింటి తలుపులు బిగించిరి. అధికభాగము చచ్చినవి. సర్ జోసెఫ్ బ్యాంక్స్ మాత్రము ఐజల్‌వర్త్ తోటలో సన్నని పుల్లలతో అల్లిన బుట్టలందు పలుచగా ఆకుమన్ను వేసి, మొక్క నుంచి, పైన నాచు కప్పించెను. నలుప్రక్కల గాలి తగులు ఈ పద్ధతి 1817లోనే అచ్చుపడినను పట్టించుకొన్నవారు తక్కువ. మరుసటి యేడు బ్రెజిల్ నుండి వచ్చిన కాట్లేయా పూచి చూపరులను ఉన్మత్తులను చేసెను. మోజు పెరిగినది, దానితో చావులును పెరిగినవి.

1835లో డెవన్‌షైర్ ప్రభువు జాన్ గిబ్సన్ అను తోటమాలిని మన దేశమునకు పంపెను. అతడు ఖాసీ కొండలలో ఆర్కిడ్లను సేకరించి 1837లో తిరిగివెళ్లెను. ప్రభువు తోటను చూచుచుండిన జోసెఫ్ పాక్స్‌టన్ గాజుటిండ్లలో గాలి ఆడనిచ్చి, వేడి తగ్గించి వానిని బ్రతికించెను.

ఆ ఖాసీ కొండలకే 1850లో జోసెఫ్ డాల్టన్ హుకర్ వచ్చెను. లెర్నాయ్ అను గ్రామము చెంత, మూడు నాలుగువేల అడుగుల ఎత్తున, గిడసబారిన చెట్లపై నీలివాండా గుత్తులు గాలికి ఊగుచుండగా చూచెను. ఆ చెట్లకు ఆకులే అరుదు. ఎండయు వానయు గాలియు మొక్కకు తిన్నగా తగులుచుండెను. వర్షకాలమున తేమ అధికమే, కాని గాలి నిలిచిపోవుట లేదు. శీతకాలమున నేలపై మంచు గడ్డకట్టును. వేళ్లు ఎండిన బెరడుమీద ప్రాకియున్నవి. ఆ కొమ్మలపై నాచు జాడయే లేదు. మన గాజుటిండ్లలో దీనికి మనమేది తగులనీయమో అదియే దీని ప్రాణమని ఆయన స్పష్టముగా వ్రాసెను. ఇంత తెలిసిన ఆయనయే ఏడు మనుష్యభారముల మొక్కలను క్యూ తోటకు పెరికించెను. బ్రతికి చేరినవి కొన్నియే. తన తోటమాలిని వెంట పంపిన యొక పెద్దమనిషి చేర్చిన ఒక్క మనుష్యభారము మాత్రము 300 పౌనులకు అమ్ముడయ్యెను. హుకర్ అక్షరములను ఎంత గౌరవింతుమో ఆ ఏడు భారములను తలచినపుడు అంత బాధపడుదుము. అడవిలో నీలివాండాను పెరుకుటను నేడు మన వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది.

కొమ్మపై నాచు లేనప్పుడు కుండలో నాచెందుకని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. కొమ్మపై గాలి చేయు పని కుండలో మరియొకటి చేయవలెను గదా! స్ఫాగ్నము చల్లని చిత్తడినేలల నాచు. దాని ఆకులలో రంధ్రములు గల ఖాళీ కణములున్నవి. ఎండిన నాచు తన బరువునకు 20 రెట్ల వరకు నీటిని పట్టును. మొదటి ప్రపంచయుద్ధమున దూది కొరవడగా గాయములకు దీనితోనే కట్లు కట్టిరి. నీటిని తనలో దాచుకొనియు పోగుల నడుమ గాలికి చోటిచ్చుటయే దీని ఘనత. అందుచేతనే పందొమ్మిదవ శతాబ్దపు తోటమాలులు కుండ అడుగున పెంకులు పరచి, పీచుమట్టి, బొగ్గుముక్కలతో దీనిని కలిపి వాడిరి. అయితే నాచు సదా ముద్దగా తడిసియున్నచో గాలికి చోటుండదు. అప్పుడు కుండ బెరడుగుంటయే యగును.

నేడు న్యూజీలాండ్, చిలీ దేశముల చిత్తడినేలలనుండి తీసి ఎండబెట్టిన నాచు తైవాన్ దేశపు ఫలెనాప్సిస్ తోటలకు పోవుచున్నది. మా చేత చచ్చినదియు ఆ జాతిదే. నాచును నానబెట్టి, పిండి, వేళ్లనడుమ వదులుగా సర్దవలెను. పైనాచు వ్రేలికి గరగరలాడి, కుండ చేతికి తేలికయైనప్పుడే నీరు పోయవలెను. పూర్తిగా ఎండిన నాచు నీటిని వెంటనే పీల్చదు. కుండను కొంతసేపు నీటిలో ముంచియుంచవలెను. సున్నపు నీరు దానికి పడదు, వాననీరు శ్రేష్ఠము. రెండేండ్లకొకసారి నాచు మార్చుట మంచిది. అంగడినుండి తెచ్చిన మొక్కకు నడిమధ్య పాతనాచు ముద్ద యొకటి దాగియుండును. పైన ఆరినను లోన అది తడిగనే యుండును. మమ్ము మోసగించినది అదియే కావచ్చును.

ఇప్పుడు మా వసారాలో మరియొక మొక్క కలదు. ఈ ఉదయము చెంబు ప్రక్కనబెట్టి, కుండ నెత్తి చూచితిమి. బరువుగనే యున్నది. తులసికి మాత్రము పోసి లోనికి వచ్చితిమి.