దండెం నుంచి బీరువా దాకా

మా తాత వడ్రంగి. ఆయన చేసిన టేకు భోషాణంలో పట్టుచీరలు, ఇత్తడి సామాను, దస్తావేజులు కలిసే ఉండేవి. రోజూ కట్టే బట్టలకు దండెమే చోటు. మడిబట్టలకైతే ఇంకా ఎత్తున వేరే దండెం. కర్రతో ఆరేసి, కర్రతోనే తీసేవారు.

తర్వాత రేకు ట్రంకుపెట్టెలు వచ్చాయి. 1923లో గోద్రెజ్ ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది; కాలక్రమంలో బీరువా పెళ్లిసారెలోకీ ఎక్కింది. ఉతికి మడిచిన బట్టలకు, నగలకు అది భద్రమే. ఒకపూట తొడిగి విడిచిన చొక్కాను మాత్రం అందులో ఎవరు పెడతారు? దండెం పోయాక ఆ చొక్కా కుర్చీ మీదికి చేరింది.

అందుకే తణుకులో నేను పెట్టిన చిన్న కొట్టులో ముందుగా గోడవారగా నిలబడే టేకు దండెం చేశాను: పైన రెండు గడలు, కింద మాసిన బట్టలకు బుట్ట. కొత్త ఇల్లు కట్టుకునేవారు పడగ్గదిలో దానికి మూడడుగుల గోడ వదలండి.